మీటరు సున్నా చూపినా మచ్చలు పడ్డాయి: ఒంగోలులో ఒక అద్దాల భవనం కేస్ స్టడీ

ఒంగోలు కర్నూలు రోడ్డులోని ఒక నాలుగంతస్తుల వాణిజ్య భవనం అద్దాలను మేము మొదటిసారి నీటి పోల్‌తో కడిగింది ఏప్రిల్ రెండో వారంలో. మర్నాడు ఉదయం ఏడు గంటలు కాకముందే యజమాని ఫోను చేశారు. “అబ్బాయ్, తీరిక చేసుకుని ఒకసారి వచ్చి చూడు. నిన్నటి దుమ్మే నయమనిపిస్తోంది” అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ నొప్పించింది.

వెళ్లి రెండో అంతస్తు లోపలి నుంచి చూశాను. పడమటి వైపు అద్దాల నిండా ఆవగింజంత తెల్లటి చుక్కలు. ఎవరో పిడికెడు ముగ్గు పిండి తీసుకుని గాలికి చల్లినట్టున్నాయి. వేలితో రుద్దితే పోవడం లేదు. నోటి ఆవిరి పట్టించి రుద్దితే కాస్త కదిలి, ఆరగానే మళ్లీ కనిపిస్తున్నాయి.

ఆ భవనం చివరికి మచ్చ లేకుండా శుభ్రపడింది, కానీ మూడోసారికి. మధ్యలో రెండుసార్లు మా ఖర్చుతోనే మళ్లీ కడిగాం. రెండోసారి నీటిలో కరిగిన లవణాలను కొలిచే మీటరు మా నీళ్లకు సున్నా చూపించింది, అయినా మచ్చలు పడ్డాయి. ఆ రెండో ఓటమి గురించే వివరంగా రాయాలని ఉంది. మొదటిదానికి కారణం ఎవరైనా చెప్పగలరు. రెండోది నాకు కొన్ని రాత్రులు నిద్ర లేకుండా చేసింది.

పని తెలియనివారి కోసం రెండు మాటలు. నీటి పోల్ అంటే ఒకదానిలోంచి ఒకటి జారి పొడవు పెరిగే గొట్టం. దాని కొసన మెత్తటి బ్రష్, బ్రష్‌లో సన్నటి రంధ్రాల నుంచి చిమ్మే నీరు. కింద నేల మీద నిలబడే మూడో నాలుగో అంతస్తు అద్దాన్ని రుద్ది కడగవచ్చు. పరంజా కట్టనక్కర లేదు, తాడు కట్టుకుని మనిషి వేలాడనక్కర లేదు. అయితే పైన వైపర్ పట్టి నీరు లాగేవారు ఎవరూ ఉండరు. అద్దం మీద మిగిలిన నీరు దానంతట అదే ఆరిపోవాలి. ఆరినప్పుడు వెనక ఏమీ మిగలకూడదు. ఈ పద్ధతిలోని కష్టమంతా అక్కడే ఉంది.

భవనం, గాలి, నీరు

ఈ భవనానికి మూడు వైపులా అద్దాలున్నాయి. మొత్తం 96 పలకలు. పడమటి ముఖం రోడ్డు మీదకు, తూర్పు ముఖం వెనక ఖాళీ స్థలం మీదకు తిరిగి ఉన్నాయి. కర్నూలు రోడ్డంటే చీమకుర్తి, పొదిలి వైపు వెళ్లే దారి. చీమకుర్తి గనుల నుంచి గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలతో లారీలు ఈ దారినే వస్తాయి. వ్యాపారంలో దాన్ని గ్రానైట్ అంటాం కానీ, భూగర్భ శాస్త్రం ప్రకారం అది గాబ్రో జాతి రాయి. అందులో మెరిసే బంగారు రంగు పొడలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. ఆ రాతి పొడి నీటిలో కరగదు, గరుకుగా ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు గుడ్డతో తుడిస్తే అద్దం మీద గీతలు పడతాయి. వేసవిలో పడమటి గాలి మొదలైతే ఆ ముఖం మీద ఈ పొడి పొరలా పేరుకుంటుంది.

తూర్పు ముఖం సంగతి వేరు. సముద్రం పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నా, మధ్యాహ్నం దాటాక వచ్చే సముద్రపు గాలిలో ఉప్పు తేమ ఉంటుంది. రాత్రి మంచు పట్టి పొద్దున ఆరితే అద్దం మసక బారుతుంది. అదృష్టవశాత్తు ఉప్పు నీటిలో ఇట్టే కరుగుతుంది. అందువల్ల అందరూ భయపడే తూర్పు ముఖం మాకు సులువైంది, పడమటి ముఖం మూడు చెరువుల నీళ్లు తాగించింది.

ఇక నీరు. పట్టణానికి సాగర్ కాలువ నీరు వేసవి నిల్వ చెరువుల్లోకి వచ్చి, అక్కడి నుంచి కుళాయిలకు వెళుతుంది. ఈ భవనంలో వాడకానికి మాత్రం బోరు ఉంది. దాని నీటిని మా మీటరుతో చూస్తే టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 1,460 వచ్చింది. లీటరు నీటిలో దాదాపు గ్రామున్నర లవణాలు కరిగి ఉన్నాయన్నమాట. ఈ జిల్లాలో ఇది వింత కాదు. కనిగిరి వైపు వెళితే లవణాలతో పాటు ఫ్లోరైడ్ బాధ కూడా ఉంది. బోరు నీటితో రోజూ వంట చేసే ఇంట్లో గిన్నె అడుగున తెల్లటి గార కట్టడం ఇక్కడ ప్రతి గృహిణికీ తెలుసు. అద్దం మీద జరిగేదీ అదే, కాకపోతే గిన్నె అడుగు ఎవరూ చూడరు, అద్దాన్ని ఊరంతా చూస్తుంది.

మొదటి ఓటమి: తాగే నీరు

ఏప్రిల్‌లో మా బండి మీది ఆర్వో (నీటిని సన్నటి పొర గుండా నెట్టి లవణాలు తీసే యంత్రం) పంపు మరమ్మతులో ఉంది. తేదీ ఇచ్చేశాం, వాయిదా వేయడం నాకు ఇష్టం లేదు. ఊళ్లోని ఒక తాగునీటి ప్లాంటు నుంచి వెయ్యి లీటర్లు ట్యాంకులో పోయించుకున్నాను. “తాగే నీళ్లే కదన్నా, ఇంతకంటే శుభ్రమైన నీళ్లు ఎక్కడ దొరుకుతాయి” అన్నాడు మా కుర్రవాడు. నేనూ సరేనన్నాను. ఆ మాటకు తలూపిన బాధ్యత నాదే.

మచ్చలు చూసి వచ్చాక ఆ నీటిని కొలిస్తే టీడీఎస్ 68. ప్లాంటు వారి తప్పేమీ లేదు. పూర్తిగా లవణాలు తీసేసిన నీరు నాలుకకు చప్పగా ఉంటుంది. అందువల్ల తాగడానికి అమ్మే నీటిలో కొంత లవణం ఉండనిస్తారు, లేదా మళ్లీ కలుపుతారు. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 దాకా అంగీకరించదగినదే. 68 అంటే తాగడానికి మేలైన నీరు. అద్దానికి మాత్రం కాదు.

లెక్క చూడండి. కడిగాక ఒక పెద్ద పలక మీద చుక్కలుగా, పొరగా 100 మిల్లీలీటర్ల నీరు మిగిలిందనుకుందాం. బోరు నీరైతే అది ఆరాక 146 మిల్లీగ్రాముల లవణం అద్దం మీదే ఉండిపోతుంది. ప్లాంటు నీరైతే దాదాపు 7. టీడీఎస్ 5 ఉన్న నీరైతే అర మిల్లీగ్రాము. ఏడు మిల్లీగ్రాములు చాలా తక్కువ అనిపిస్తుంది. కానీ అది పలకంతా సమంగా పరుచుకోదు. ప్రతి చుక్కా అంచుల నుంచి లోపలికి ఆరుతూ తనలోని లవణాన్నంతా ఒక్క చోటికి చేరుస్తుంది. అలా చేరిన పొడికి వెలుగు తగిలితే కన్ను పట్టేస్తుంది. పోల్ పని చేసేవారు 10 కంటే తక్కువ ఉండాలంటారు. మేము ఇప్పుడు సున్నా తప్ప మరో అంకె ఒప్పుకోము.

ఆర్వో పొర ఒక్కటే ఈ పని చేయలేదు. మంచి పొర వందలో 95 నుంచి 98 పాళ్ల లవణాన్ని ఆపుతుంది. మా 1,460ని అది 58కి దించింది. మిగతాది రెజిన్ పట్టుకోవాలి. రెజిన్ అంటే సగ్గుబియ్యం కంటే చిన్న పూసలు. వాటిలో ఒక రకం కాల్షియం, సోడియం లాంటి వాటిని పట్టుకుంటే, రెండో రకం క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్ లాంటి వాటిని పట్టుకుంటుంది. ఈ రెండు రకాలూ కలిపిన రెజిన్ లీటరుకు సుమారు 20 గ్రాముల లవణాన్ని మోయగలదు. బోరు నీరు నేరుగా పోస్తే లీటరు రెజిన్ 14 లీటర్లకే అలసిపోతుంది. ఆర్వో దాటి వచ్చిన 58 టీడీఎస్ నీరైతే 340 లీటర్ల దాకా నడుస్తుంది. ఆర్వో లేకుండా రెజిన్ మీదే ఆధారపడి ఈ జిల్లాలో పని మొదలుపెట్టే వారికి మొదటి వారంలోనే చేతులు కాలుతాయి.

రెండో ఓటమి: సున్నా నీరు

పంపు బాగయ్యాక పది రోజులకు మళ్లీ వెళ్లాం. ఆర్వో, దాని తర్వాత రెజిన్. బ్రష్ దగ్గర పట్టిన నీటికి మీటరు 0 చూపింది. పొద్దున ఆరు నుంచి పదకొండున్నర దాకా పడమటి ముఖమంతా కడిగాం. చుక్కల వాన ఆగిపోయింది. సంతోషంగా ఇంటికి వెళ్లాను. సాయంత్రం మళ్లీ వచ్చి చూస్తే పలకల మీద మూడు నాలుగు రకాల గుర్తులు. ఈసారి యజమాని ఫోను చేయలేదు. నేనే వెళ్లి చూపించాను. “నీళ్లు మార్చానన్నావు కదా?” అన్నారు. “మార్చానండీ. ఇది నీటి వల్ల కాదేమో, నాకు నాలుగు రోజులు ఇవ్వండి” అన్నాను. కాదేమో అనడమూ సగం తప్పేనని తర్వాత తెలిసింది.

ఆ నాలుగు రోజులూ నేను చేసిందల్లా మచ్చలను చూడటం. ఒక్కో అంతస్తులో కిటికీ లోపలి నుంచి ఫోటోలు తీసి, ప్రతి పలకకూ ఒక అంకె వేసి, ఏ పలక మీద ఏ ఆకారంలో, ఏ ఎత్తులో మచ్చ ఉందో కాగితం మీద గీశాను. అప్పటిదాకా నాకు మచ్చ అంటే మచ్చే. గీస్తూ పోతుంటే అవి వేరువేరని అర్థమైంది. కొన్నింటికి తోక ఉంది. కొన్ని గుండ్రంగా, ఉంగరాల్లా, పలక అంచు వెంబడి గుంపులుగా ఉన్నాయి. కొన్ని అసలు మచ్చలు కావు, పల్చటి మట్టి పొర. నాలుగో అంతస్తు ఉత్తరపు మూలలో ఎనిమిది పలకల మీద మాత్రం పాలు కలిపిన నీళ్లు పోసి ఆరనిచ్చినట్టు ఒక తెల్లటి ఛాయ.

తోక ఉన్న చుక్కలన్నీ పలక పై అంచు నుంచే మొదలయ్యాయి. పైన అల్యూమినియం చట్రానికీ అద్దానికీ మధ్య రబ్బరు బీడింగ్ ఉంటుంది. ఆ సందులో ఏళ్ల తరబడి చేరిన రాతి పొడి మేము చిమ్మిన నీటిని పీల్చుకుని, మేము అక్కడి నుంచి వెళ్లిపోయాక తీరిగ్గా ఒక్కో చుక్కగా కిందికి వదిలింది. మా నీరు సున్నాగానే బయలుదేరింది, బీడింగ్ సందులో మురికైంది. మొదటిసారి కడిగే ఏ భవనంలోనైనా ఇది ఉంటుంది. దీనికి మందు ఓపికే. ముందు ఆ వరుసలోని చట్రాలన్నింటి పై అంచులను గట్టిగా రుద్ది, నీరు పారించి, వదిలేసి పక్క వరుసకు వెళ్లాలి. పావుగంట, ఇరవై నిమిషాలు కారనివ్వాలి. తర్వాత వెనక్కి వచ్చి అద్దం మాత్రమే కడగాలి. ఈసారి బ్రష్ పై చట్రాన్ని తాకకూడదు. తాకితే మళ్లీ మొదటికి వస్తుంది. మా కుర్రవాడికి ఇది అలవాటు కావడానికి ఒక పూట పట్టింది, ఎందుకంటే చెయ్యి సహజంగా పైదాకా పోతుంది. పోల్‌కు రంగు టేపు చుట్టి, ఆ గుర్తు నడుము దాటి పైకి పోకూడదని చెప్పాక కుదిరింది.

గుండ్రటి ఉంగరాలు ఉన్న చోట సిలికాన్ పూత ఉంది. అద్దాల భవనాల్లో పలకల మధ్య సందులను సిలికాన్‌తో మూస్తారు. దాని నుంచి సన్నటి నూనె లాంటి పదార్థం ఏళ్ల తరబడి అద్దం మీదకు పాకుతుంది. అక్కడ నీరు పరుచుకోదు, తామరాకు మీద బొట్లలా నిలుస్తుంది. పరుచుకున్న నీరు పొరలా జారిపోతూ మురికిని వెంట తీసుకుపోతుంది. బొట్టు కదలదు, ఉన్న చోటే ఆరుతుంది. అలాంటి చోట బ్రష్‌ను అద్దానికి ఆనించి ఉంచే కడగాలి, ఎత్తి దూరం నుంచి నీరు చిమ్మితే బొట్లు ఇంకా పెరుగుతాయి. సూది లాంటి ధార బదులు విసనకర్రలా పరుచుకునే ధార వాడి, పై నుంచి కిందికి నెమ్మదిగా, రెండింతల నీటితో దించాం. అంతే.

మట్టి పొర సంగతి సిగ్గుపడాల్సినంత చిన్నది. ఆ పలకలన్నీ మేము పదిన్నర తర్వాత కడిగినవి. పడమటి ముఖం మీద నేరుగా ఎండ అప్పటికి పడలేదు కానీ, రోడ్డు వేడి, ఎండు గాలి కలిసి అద్దాన్ని కాల్చేశాయి. రుద్దిన మురికి కిందికి జారేలోపే అద్దం ఆరిపోయింది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ఊళ్లో పదకొండున్నరకు అద్దం కడగడం తెలివైన పని కాదు. ఇప్పుడు పడమటి ముఖం తెల్లవారుజామున అయిదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ఆపుతాం. తూర్పు ముఖం సాయంత్రం నాలుగు తర్వాత.

నాలుగో అంతస్తు ఎనిమిది పలకలు

ఇవే నన్ను వదలలేదు. వీటిలో తోకలు లేవు, ఉంగరాలు లేవు. కడిగింది ఎప్పుడని చూస్తే, ఆ రోజు చివర్లో. ఎండ వేడే కారణమనుకుందామంటే, అదే సమయంలో కడిగిన మూడో అంతస్తు పలకల మీద ఉన్నది గోధుమ రంగు మట్టి. ఇక్కడ ఉన్నది తెలుపు. మీటరు చివరి వరకూ 0 చూపింది, ఒకటి రెండుసార్లు 1.

ముందు మీటరునే అనుమానించాను. ప్రయోగశాలల్లో వాడే, విద్యుత్ వాహకత ముందే తెలిసిన (సెంటీమీటరుకు 1,413 మైక్రోసీమెన్స్) ప్రామాణిక ద్రావణం తెప్పించి సరిచూశాను. మీటరు బాగానే ఉంది. అప్పుడు నీటిని ఆరబెట్టి చూద్దామనిపించింది. నల్లగా మెరిసే పలక కావాలి కదా అని చీమకుర్తి గెలాక్సీ రాతి ముక్క ఒకటి తెచ్చాను. అది తప్పుడు ఎంపిక. అందులోని బంగారు పొడలు కంటిని మోసం చేస్తాయి, మచ్చ ఏదో పొడ ఏదో తెలియదు. చివరికి ఒక అద్దం ముక్క వెనక నల్ల రంగు పూసి, దాని మీద నాలుగు చుక్కలు వేశాను. బోరు నీరు, ఆర్వో నీరు, ఆ రోజు వాడిన పాత రెజిన్ నీరు, కొత్త రెజిన్ నింపి తీసిన నీరు. దుమ్ము పడకుండా గిన్నె బోర్లించి, ఒక రాత్రి వదిలేశాను.

పొద్దున చూస్తే బోరు చుక్క చోట గట్టి తెల్లటి ఉంగరం. ఆర్వో చుక్క చోట సన్నటి గీత లాంటి వలయం. కొత్త రెజిన్ చోట ఏమీ లేదు. పాత రెజిన్ చోట, మీటరు సున్నా చూపించిన ఆ నీటి చోట, పల్చటి తెల్లటి ఛాయ ఉంది. అన్నింటి మీదా నిమ్మరసం ఒక్కో బొట్టు వేశాను. బోరు ఉంగరం చాలావరకు కరిగిపోయింది. పాత రెజిన్ ఛాయ కదలలేదు. పులుపుకు లొంగేది కాల్షియం, మెగ్నీషియం గార. పులుపుకు లొంగనిది సిలికా.

సిలికా అంటే ఇసుకలోనూ అద్దంలోనూ ఉండేదే. రాతి నేలల బోరు నీటిలో అది కరిగి ఉంటుంది. టీడీఎస్ మీటరు నిజానికి లవణాన్ని తూచదు. నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో చూసి, దాన్ని బట్టి అంకె చెబుతుంది. కరిగిన సిలికాకు విద్యుత్ ఆవేశం దాదాపు ఉండదు. కాబట్టి నీటిలో అది ఉన్నా మీటరుకు కనబడదు. మీటరు అబద్ధం చెప్పలేదు, నేను దాన్ని అడగాల్సిన ప్రశ్న అది కాదు.

మరి పొద్దున అదే రెజిన్ నుంచి వచ్చిన నీటిలో సిలికా ఎందుకు లేదు? రెజిన్ సిలికాను పట్టుకుంటుంది, కానీ చాలా బలహీనంగా. పెళ్లి పందిట్లో ముందు వరుసలో పిల్లలు కూర్చుంటారు. పెద్దలు రావడం మొదలవగానే పిల్లలను లేపి ఆ కుర్చీలు వారికి ఇస్తారు. రెజిన్‌లో సిలికా ఆ పిల్లల వంటిది. క్లోరైడ్, సల్ఫేట్, బైకార్బొనేట్ వచ్చే కొద్దీ దాన్ని లేపేసి అవి కూర్చుంటాయి. రెజిన్ నిండబోతోందనగా ముందుగా బయటపడేది సిలికాయే. అప్పటికి క్లోరైడ్ లాంటివి ఇంకా పట్టుబడుతూనే ఉంటాయి కాబట్టి మీటరు సున్నా దగ్గరే ఉంటుంది. అంకె పైకి కదిలేసరికి సిలికా నీటిలోకి రావడం ఎప్పుడో మొదలై ఉంటుంది. దీనికి తోడు బోరు నీటిలోని బొగ్గుపులుసు వాయువును ఆర్వో పొర ఆపలేదు. అది కూడా వచ్చి రెజిన్‌లో చోటు తినేస్తుంది. నేను వేసుకున్న 340 లీటర్ల లెక్కలో ఆ వాయువు లేదు, అందువల్ల రెజిన్ అంత దూరం రాలేదు.

అందుకే ఇప్పుడు మీటరు కదిలేదాకా ఆగం. లీటరు రెజిన్‌కు ఎన్ని లీటర్ల నీరు తీశామో పుస్తకంలో రాస్తాం. మా నీటికి 200 లీటర్ల దగ్గర ఆపేస్తాం. రెజిన్ డబ్బాలు రెండు వరుసగా బిగించాం. మొదటిదాని నుంచి జారింది రెండోదానిలో పట్టుబడుతుంది. మొదటిది అలిసిపోయాక తీసేసి, రెండోదాన్ని ముందుకు జరిపి, కొత్తది వెనక పెడతాం. ప్రతి కొత్త భవనానికి ముందు రోజు రాత్రి నల్ల అద్దం మీద చుక్క వేయడం మాత్రం మానలేదు. అయిదు నిమిషాల పని, ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నా దగ్గర ఇంకొకటి లేదు.

మూడోసారి

మే మొదటి వారంలో రెండు తెల్లవారుజాములు తీసుకున్నాం. సిలికా ఛాయ కొత్తది కాబట్టి, గట్టిపడకముందే కొత్త రెజిన్ నీటితో, గరుకు లేని తెల్ల ప్యాడ్‌తో చాలాసేపు రుద్దితే ఎనిమిదింటిలో ఏడు పలకల మీద పోయింది. మిగిలిన ఒకదాని కోసం లోపలి నుంచి కిటికీ రెక్క తెరిచి చేత్తో సీరియం ఆక్సైడ్ (అద్దానికి మెరుగు పెట్టే) పొడి పట్టించాల్సి వచ్చింది.

చిన్న చిన్నవి కూడా ఆ రెండు రోజుల్లో సరిచేశాం. ముందు రోజు నుంచి గొట్టంలో నిలవ ఉన్న నీటిని మొదట పారబోస్తున్నాం. ఎండలో పడి ఉన్న గొట్టంలోని నీటికి గొట్టం గుణం అంటుకుంటుంది. బ్రష్‌ను నేల మీద పెట్టడం పూర్తిగా మానేశాం. ఒక్కసారి ఇసుకలో పెట్టి ఎత్తితే ఆ రేణువులు నాలుగో అంతస్తు దాకా వెళ్లి గీతలు గీస్తాయి. రాతి పొడి ఎక్కువున్న పడమటి ముఖం మీద రుద్దే ముందు నీరు మాత్రమే పారించి పొడిని దించుతున్నాం.

ఈ భవనం ముందు నుంచి 11 కేవీ విద్యుత్ తీగలు పోతున్నాయి. మా పోల్ కార్బన్ ఫైబర్‌ది. తేలికగా ఉంటుంది కానీ విద్యుత్తును బాగా మోస్తుంది. పైగా లోపల నీటి గొట్టం. రోడ్డు వైపు రెండు వరుసల పలకల కోసం విద్యుత్ శాఖ వారిని అడిగి లైన్ క్లియర్ తీసుకుని, తీగల్లో కరెంటు ఆపించాకే పోల్ ఎత్తాం. ఆలస్యమైంది, యజమాని విసుక్కున్నారు. ఆ విషయంలో నేను తగ్గను. ఆ తీగ దగ్గరికి పోల్ ఎత్తమని నా దగ్గర పనిచేసే పిల్లవాడికి ఎవరు చెప్పినా ఒప్పుకోను.

ఆర్వో వదిలే ఉప్పు నీటి సంగతి కూడా చెప్పాలి. రెండు లీటర్లు లోపలికి పోతే ఒక లీటరు మంచి నీరు వస్తుంది, ఒక లీటరు మరింత ఉప్పుతో బయటికి పోతుంది. నీటి కోసం వేసవిలో ట్యాంకర్ల వెనక బిందెలు పట్టుకుని పరిగెత్తే జిల్లా ఇది. రోజుకు ఎనిమిది వందల లీటర్లు కాలువలోకి వదలడానికి నాకు మనసు రాలేదు. ఒక డ్రమ్ములో పట్టి భవనం మరుగుదొడ్లకు, మెట్లు కడగడానికి ఇచ్చాం. మొక్కలకు మాత్రం పోయవద్దని కాపలాదారుకు చెప్పాం, అంత ఉప్పుకు మొక్క చచ్చిపోతుంది.

మే రెండో వారంలో యజమానితో కలిసి అంతస్తు అంతస్తూ తిరిగి లోపలి నుంచి చూశాం. 96 పలకల్లో 89 మచ్చ లేకుండా ఉన్నాయి. మిగిలిన ఏడూ కింది అంతస్తువి. వాటి మీద ఉన్నది మా మచ్చ కాదు. మేము రాకముందు ఏళ్ల తరబడి ఎవరో బోరు గొట్టంతో ఆ అద్దాలను తడిపి వదిలేశారు. పాత గారను సిట్రిక్ యాసిడ్ పలుచన చేసి తీసేశాం. దాని కింద అద్దమే తిని పోయి గుంటలు పడ్డాయి. పని మొదలుపెట్టక ముందు తీసిన ఫోటోల్లో ఆ మచ్చలు స్పష్టంగా ఉన్నాయి కాబట్టి మాటల్లో తేడా రాలేదు. ఆ ఫోటోలు లేకపోతే ఆ ఏడు పలకల నింద కూడా మా మీదే పడేది, ఆయన అలా అనుకోవడం అన్యాయమూ కాదు.

ఒక పలక మూలలో జానెడు చోట సీరియం ఆక్సైడ్‌తో మెరుగు పెట్టి చూపించాను. గుంటలు సగానికి తగ్గాయి. కానీ ఎక్కువ రుద్దితే ఆ చోట అద్దం అలలు తిరిగినట్టు కనిపిస్తుందని, పలకంతా చేస్తే కొత్త పలక ఖర్చుకు దగ్గరవుతుందని చెప్పాను. ఆయన కాసేపు ఆ మూలనే చూసి, “ఇవి ఇలాగే ఉండనివ్వు, ఈశాన్య వానలు పోయాక మార్పిద్దాం. కానీ ఆ బోరు గొట్టం మాత్రం ఇక ఎవరి చేతికీ ఇవ్వను” అన్నారు. పడమటి ముఖానికి ఆరు వారాలకు ఒకసారి, తూర్పుకు నెలకు ఒకసారి వచ్చేలా ఒప్పందం రాసుకున్నాం. నవంబరు వానలు వెలిశాక, మార్చాల్సిన ఏడు పలకల కొలతలు తీసుకోవడానికి మళ్లీ వెళతాం.